సర్దిచెప్పే కణాలు

ల్యాబులో అందరూ ఆమెను పొదుగుడత్త అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె ముందు ఆమె చేతులు కట్టుకుని నిలబడితే, గుడ్లమీంచి లేవడానికి ఇష్టపడని కోడిలా ఉంటుందని ఎవరో అని ఉంటారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఒకరోజు ఫోనెత్తి ఆమే "ఆఁ, పొదుగుడత్తనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసింది. దాంతో ఆ పేరుకు చాటూ మాటూ లేకుండా పోయింది.

ఆ పొద్దున ఆమె ఎప్పటిలాగే మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. జుట్టంతా టోపీలోకి దోపి, ముక్కూ నోరూ కప్పుకుని, గౌను తొడుక్కుని, ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవుజులు వేసుకుంది. రెండో తలుపు దాటేసరికి బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. లోపలి గదికి కిటికీల్లేవు. పైనుంచి నెమ్మదిగా దిగే గాలి హోరు ఒక్కటే. ఆ గదిలో అడుగుపెట్టినప్పుడల్లా ఊరంతా ఎక్కడో నీళ్ళకింద ఉండిపోయి, తానొక్కతే పైకి తేలినట్టు ఉండేది ఆమెకు. ఇన్నేళ్ళయినా ఆ తేలడం అలవాటు కాలేదు. అలవాటు కాకూడదనే అనుకునేది.

పెట్టె తలుపు తీసి సీసా బయటికి తీసింది. పక్కకు వంచి దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. పలచటి గులాబీ రంగు నీళ్ళలో పసుపు ఛాయ అప్పుడప్పుడే మొదలవుతోంది. కణాలు కడుపునిండా తిని, ఇంకా కావాలంటున్నాయన్నమాట.

"ఆకలా తల్లీ, పెడతా ఉండండి" అంది మాస్కులోనే.

సూక్ష్మదర్శిని కింద పెట్టి కన్ను ఆనించింది. రెండు రోజుల కిందట చెల్లాచెదురుగా ఉన్న గుండ్రటి చుక్కలు ఇప్పుడు గుత్తులు కట్టాయి. గుత్తుల అంచుల్లో ఒకటో రెండో కణాలు వీధరుగు మీంచి కాళ్ళు ఊపుతున్నట్టు కదులుతున్నాయి. ఇంత చక్కటి పెంపకం ఆమె చేతిలో ఈమధ్య పడలేదు. చూస్తూ చూస్తూ ఆమె ఎంతసేపు ఉండిపోయిందో ఆమెకే తెలియలేదు.

మనిషి ఒంట్లో కావలి కాసే కణాలు కోట్లకొద్దీ ఉంటాయి. కొత్తది ఏది కనబడ్డా మీదపడి తరమడమే వాటి పని. వాటి మధ్య తిరుగుతూ, "ఆగండర్రా, ఇది మనదే" అని సర్దిచెప్పే కణాలు మాత్రం బహు కొద్ది. ఆ కొద్దివాటిని రక్తంలోంచి ఏరి, వెచ్చగా దాచి, మేపి, పెంచి, మళ్ళీ ఆ మనిషి ఒంట్లోకే ఎక్కించాలి. ఆ గదిలో జరిగే పని అదే.

ఈ సీసాలోవి ఒక బస్సు డ్రైవరువి. అతని కిడ్నీలు రెండూ చెడిపోతే, కొన్ని నెలల కిందట వదినగారు తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషను బాగానే జరిగింది. అయితే అతని ఒంట్లోని కావలి కణాలకు ఆ కొత్త కిడ్నీ ఇంకా పరాయిదే. వాటి నోరు మూయించడానికి పొద్దునా సాయంత్రం గుప్పెడేసి మాత్రలు మింగాలి. ఆ మాత్రలు మంచి కావలినీ చెడ్డ కావలినీ కలిపి జోకొడతాయి. చిన్న జలుబు చేసినా అతను వారం రోజులు మంచం దిగలేడు. ఈ సర్దిచెప్పే కణాలు తమ పని చేస్తే మాత్రలు తగ్గించవచ్చు, మళ్ళీ స్టీరింగు పట్టుకోవచ్చు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. తాము ఎవరి తరఫున సర్దిచెప్పాలో కణాలకు తెలియాలి. అందుకు, పెరిగే దశలో వాటిని వదినగారి రక్తకణాలతో కొన్నాళ్ళు కలిపి ఉంచాలి. ఆవిడ రక్తం ముందే తీసి గడ్డకట్టించి దాచారు. పోయిన వారం ఆ చల్లపెట్టె చెడిపోయింది. దాచినవన్నీ కరిగి పాడయ్యాయి.

ఆమె బయటికొచ్చి మాస్కు కిందికి లాగేసరికి, రోగులకు ఫోన్లు చేసే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తా, ఆ డ్రైవరుగారి వదినకి ఏమని చెప్పను? మళ్ళీ రమ్మంటే ఏమనుకుంటారో."

"అనుకోవడానికేముంది? కాసింత రక్తమేగా. రేపు పొద్దున్నే రమ్మను" అంది పొదుగుడత్త, మనసింకా ఆ గుత్తుల దగ్గరే ఉండగా.

కాసేపటికి ఫోన్లావిడ మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. "వాళ్ళాయన ఎత్తాడత్తా. నా మాట పూర్తి కాకముందే ఒప్పేసుకున్నాడు. 'ఎందుకు రాదండీ, నేనే తీసుకొస్తా' అన్నాడు. ఎంత మంచి కుటుంబమో!"

*

మర్నాడు పొద్దున పొదుగుడత్త అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. గొట్టాలు, చిన్న పళ్ళేలు, రక్తంలోంచి కణాలను వేరుచేసే ద్రవం. రక్తం వస్తే చాలు. ఎంతకీ రాలేదు. అద్దం అవతల ఫోన్లావిడ కనబడి, బయటికి రమ్మని చెయ్యూపింది.

"ఆవిడ వచ్చింది గానీ చెయ్యి చాపడం లేదత్తా."

"అంటే?"

"అంటే... చాపడం లేదు."

రక్తం తీసే గదిలో వదిన కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ఒళ్ళో గుడ్డసంచీ, సంచీ కింద రెండు చేతులూ. నర్సు సూది పట్టుకుని, పెళ్ళిచూపుల్లో ఏం మాట్లాడాలో తెలియనివాళ్ళలా నవ్వుతూ నిలబడింది. వదిన కూడా మర్యాదగా నవ్వుతోంది. చేతులు మాత్రం సంచీ కిందే ఉన్నాయి.

"మీవారేరమ్మా?" అని అడిగింది పొదుగుడత్త.

"దింపేసి పనికెళ్ళారండి. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానన్నారు."

"సూదంటే భయమా?"

"అబ్బే, భయమేంటండీ. పొట్ట కోసుకున్నదాన్ని." ఆవిడ ఒక్కక్షణం ఆగింది. "పొద్దున గిన్నెలు తోముతుంటే 'బయల్దేరు' అన్నారు మా ఆయన. చెయ్యి తుడుచుకుని బయల్దేరాను. ఎందుకో దారిలో చెప్పారు. నన్నెవరూ అడగలేదండి."

ఆ మాటలో కోపం లేదు. 'ఇవాళ గాలి లేదండి' అన్నట్టు అంది. నర్సు సూదికి మూత పెట్టేసింది.

సంగతి పెద్ద డాక్టరుగారికి చేరింది. ఆయన పొదుగుడత్తను తన గదిలోకి పిలిచి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఇబ్బందిగా ఉన్న మాట చెప్పాల్సొచ్చినప్పుడల్లా ఆయన అద్దాలు తుడుస్తాడు.

"మీరోసారి మాట్లాడండి. ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ ఒక మాటనుకుంటే తేలిపోతుంది. రేపటికల్లా కలపకపోతే ఆ కణాలు డీలా పడిపోతాయని మీకు నేను చెప్పక్కర్లేదు."

"పూసల పద్ధతి ఒకటుంది కదండీ. ఆవిడ రక్తంతో పనిలేకుండా."

"ఉంది. పూసలతో పెంచితే కణాలు పెరుగుతాయి. కానీ పలానా కిడ్నీ మనదని వాటికి ప్రత్యేకంగా తెలీదు కదా. ఊరందరికీ మంచి చెప్పే పెద్దమనిషిలా ఉంటాయి. సగం ఫలితం." ఆయన అద్దాలు పెట్టుకుని ఆమె వైపు చూశాడు. "ఆ సంగతి ఆవిడకి చెప్పకండి. వేరే దారుందని తెలిస్తే ఎవరిస్తారు చెప్పండి? ఆ డ్రైవరు వయసెంతని! మంచికే కదా."

ఆయన చెడ్డవాడు కాడు. తన రోగి ఇంట్లో ఎవరికైనా బాగాలేదన్నా రాత్రిపూట కూడా ఫోనెత్తి మాట్లాడే మనిషి. ఆ సీసాలోని గుత్తులు తలుచుకుంటే పొదుగుడత్తకూ ఆయన మాట సబబుగానే తోచింది.

"సరేనండి" అంది.

*

ఎలా మొదలుపెట్టాలో నడవాలో నడుస్తూనే ఆలోచించుకుంది. బతిమాలకూడదు. చూపించాలి. చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. తన మనసు రోజూ కరగడం లేదూ! లోపలికెళ్ళి సీసాలోంచి ఒక చుక్క తీసి చిన్న పళ్ళెంలో వేసి మూతపెట్టి, బయటి గదిలో ఉన్న సూక్ష్మదర్శిని దగ్గరికి తెచ్చింది. వదినను పిలిచి కుర్చీ జరిపింది.

"ఇందులోంచి చూడండమ్మా. తొందరేం లేదు. మొదట ఏమీ కనబడదు, మెల్లిగా కనబడుతుంది."

వదిన సంచీ కింద పెట్టి, కొంగుతో కళ్ళద్దాలు తుడిచి పక్కన పెట్టి, వంగింది. అందరూ మొదటిసారి రెండు కళ్ళూ కుదరక అవస్థ పడతారు. ఆవిడ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించి, వేలితో చక్రాన్ని కాస్త తిప్పి ఆగిపోయింది. ఆ వేలి చివర గట్టిపడిన చిన్న గుంట ఉంది.

"మీరేం పని చేస్తారు?"

"చొక్కాలకి కాజాలు కుడతానండి. ఇంటికే తెచ్చిస్తారు." కన్ను తీయకుండానే చెప్పింది. గదిలో గాలి యంత్రం సన్నగా పాడుతోంది. తెల్లటి వెలుతురు ఆవిడ చెంప మీద పడి, నిద్రలో ఉన్న మనిషిలా కనబడింది.

"కదులుతున్నాయి" అంది ఎప్పటికో.

"ఊఁ."

"మా మరిదివేనా?"

"మీ మరిదివే."

"వాడి పోలికే. ఒక్కటీ కుదురుగా లేదు."

ఇద్దరూ నవ్వారు. పొదుగుడత్త పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఇక పని అయిపోయినట్టే అనుకుంది. సర్దిచెప్పే కణాల కథంతా చెప్పింది. అవి వదిన కణాలతో పరిచయం చేసుకుంటే ఏమవుతుందో చెప్పింది. ఆవిడ మధ్యమధ్య తలెత్తి, విని, మళ్ళీ కన్ను ఆనించేది. మేఘాల్లోకి చూస్తూ ఊరి కబుర్లు వింటున్నట్టు ఉందా వరస.

"కిడ్నీ ఇచ్చేటప్పుడు కూడా అడగలేదా మిమ్మల్ని?" అని మధ్యలో ఉండబట్టలేక అడిగింది పొదుగుడత్త.

"అడిగేలోపే ఇచ్చేశానండి." ఆవిడ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. "అందరూ గోడకానుకుని ఏడుస్తూ కూర్చున్నారు. మా ఆయనదేమో సరిపడలేదు. నాదెలా ఉందో చూడండన్నాను. సరిపోయింది. ఇవ్వాలనే ఇచ్చాను, అందులో ఇంత కూడా మరోమాట లేదు. వాడు నా పెళ్ళినాటికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు. కానీ అప్పట్నుంచీ ఏమైందంటే, మా ఇంట్లో నన్నేదీ అడగడం మానేశారండి. బంధువులొస్తే నా మంచం వాళ్ళకి వేసేస్తారు. నా పెట్టెలో చీర తీసి పెళ్ళికి పెట్టేస్తారు. 'అది కాదనదులే' అంటారు. మెచ్చుకుంటూనే అంటారు. కిడ్నీయే ఇచ్చింది, మంచమో లెక్కా అని."

పొదుగుడత్తకు 'కాసింత రక్తమేగా' అన్న తన మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

వదిన మళ్ళీ వంగి చూసింది. "ఒకటి అడగనా అండీ?"

"అడగండి."

"నేను వద్దంటే వీటినేం చేస్తారు?"

పొదుగుడత్త నోటి దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పారేస్తాం అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఈ చుక్కను పారేయవలసిందే. పైగా ఈ మనిషి, కదులుతున్న వాటిని ఇంతసేపు చూసిన మనిషి, ఆ మాట వింటే చెయ్యి చాపేస్తుంది. అది ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. కాజాలు కుట్టే ఆ వేళ్ళు సంచీ కిందినుంచి మెల్లగా బయటికి రావడం, నర్సు సూది మూత తీయడం.

"ఇంకో దారుందమ్మా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ రక్తం లేకుండా, చిన్న చిన్న పూసలు వేసి పెంచుతాం. అంత బాగా కుదరకపోవచ్చు. మాత్రలు సగం తగ్గుతాయో, పావు తగ్గుతాయో చెప్పలేం. అయితే ఏ దారీ లేకపోలేదు. మీ మరిది ప్రాణానికేం కాదు."

చెప్పేశాక ఆమెకు ఒళ్ళంతా తేలికైంది. నిజం చెప్పింది కదా. ఇప్పుడు ఈవిడ తనంతట తాను ఒప్పుకుంటుంది, అది ఇంకా బాగుంటుంది అనుకుంది. ఎదురుచూసింది.

వదిన సూక్ష్మదర్శిని మీంచి లేచింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది.

"అయితే వద్దండి" అంది.

"వద్దా?"

"వద్దండి." ఆ మాటను ఆవిడ నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నట్టు అనిపించింది. "కారణం చెప్పాలా?"

గుత్తులు గుత్తులుగా కట్టిన ఆ కణాలు, వాటి అంచుల్లో కాళ్ళూపుతున్నవి పొదుగుడత్త కళ్ళముందు కదిలాయి.

"అక్కర్లేదమ్మా" అంది.

"మా ఆయన వస్తే నేను బస్సెక్కి వెళ్ళిపోయానని చెప్పండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది. "బాగా పెంచుతున్నారండి. చాలా అందంగా ఉన్నాయి."

*

"చెప్పేశారా!" అన్నాడు పెద్ద డాక్టరు.

"అడిగిందండీ."

"అడిగితే మాత్రం!" ఆయన అద్దాలు తీశాడు, కానీ తుడవలేదు. చేతిలో పట్టుకుని కిటికీ బయట చూస్తూ ఉండిపోయాడు. అద్దాల్లేకపోతే ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంటుంది. "సరే. పూసలే వేయండి. ఏం చేస్తాం."

ఆమె లోపలికెళ్ళి పూసలు వేసింది. కంటికి ఆనని పూసలవి. గొట్టం అడుగున తుప్పురంగు ధూళిలా పేరుకుని ఉంటాయి. కుదిపి, కొలిచి, సీసాలోకి వదిలి, అటూ ఇటూ ఊపి పెట్టెలో పెట్టింది. ఎన్నోసార్లు చేసిన పనే. ఈసారి మాత్రం, ఏ బడికో పంపాలనుకున్న పిల్లల్ని ఇంకేదో బడి గేటు దగ్గర దింపి వచ్చినట్టు, చెయ్యి బరువుగా ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త వరండాలో బల్ల వేసుకుని, కంటికి భూతద్దం బిగించి, ఎవరిదో చేతిగడియారం విప్పుతున్నాడు. అతనికి అదే పని. భూతద్దం తీయకుండానే, "పిల్లలెలా ఉన్నారు?" అనడిగాడు. పిల్లలంటే కణాలు. రోజూ అడిగే ప్రశ్నే.

ఆమె చెప్పులు విడవకుండానే మెట్టు మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. సంజ వెలుగు వీధిలోంచి పాక్కుంటూ వచ్చి బల్ల మీది చిన్న చక్రాలను తళుక్కుమనిపించింది. అతను చక్రాలు విప్పుతూనే ఊఁ కొట్టాడు.

"నిజం చెబితే ఒప్పుకుంటుందనుకున్నాను" అంది చివరికి.

"ఓహో. నిజాన్ని గాలానికి గుచ్చావన్నమాట."

ఆమెకు చర్రున కోపం వచ్చింది. "నీకేం తెలుసు, గడియారాలకి కిడ్నీలుండవుగా!" అని లేచి లోపలికి పోయింది. మొహం మీద నీళ్ళు కొట్టుకుంటూ, తువ్వాలుతో తుడుచుకుంటూ, అతనన్న మాటే తిప్పి తిప్పి చూసుకుంది. కొంతసేపటికి టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసి తెచ్చి, ఒకటి బల్ల మీద చక్రాలకు దూరంగా పెట్టింది.

"అవును, గుచ్చాను" అంది.

"పోనీలే. చేప మాత్రం తెలివైంది" అన్నాడతను. ఆమెకు నవ్వొచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. నడవా చివర బెంచీ మీద మాస్కు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. భుజాలు వెడల్పాటివి, ఒళ్ళు మాత్రం ఇంకా చొక్కాలో నిండలేదు. పొదుగుడత్త అతన్ని అంతకుముందు చూడలేదు. అతని కణాలను నెల రోజులుగా ఎరుగును. మనిషిని చూస్తే, ఎంతోకాలంగా ఉత్తరాల్లో పరిచయమున్న వాడిని స్టేషనులో వెతుక్కున్నట్టు అయింది.

"మీరేనాండీ మా వదినతో మాట్లాడింది?"

"నేనే" అంది. నిందలు వినడానికి సిద్ధపడే వచ్చింది. వాటి చివర చెప్పాల్సిన మాటలు కూడా వెతికి పెట్టుకుంది.

"వద్దందట గదా?"

"అవును బాబూ. ఆవిణ్ణేమీ అనకండి, అది ఆవిడ..."

"ఆగండాగండి. వద్దంది అంటే, ఎలా అంది? తల అడ్డంగా ఊపిందా? ఏడ్చిందా? లేకపోతే 'మీ ఇష్టం' అంటే మీరే అలా అనుకున్నారా?"

"లేదు. అయితే వద్దండి అంది. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దంది."

"నోటితోనే?"

"నోటితోనే."

డ్రైవరు బెంచీకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మాస్కు పైన అతని కళ్ళ చివర ముడతలు పడ్డాయి. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని ఆమె కంగారుపడింది. అతను నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, ఆపుకోలేక, పొట్ట మీద కుట్టు దగ్గర చెయ్యి అదిమి పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏమైంది బాబూ?"

"ఇన్నేళ్ళలో మా వదిన నోట ఆ మాట వినలేదండి. మా అమ్మ వినలేదు, మా అన్న వినలేదు. ఇంట్లో అందరం తెల్లబోయి కూర్చున్నాం." ఊపిరి తీసుకున్నాడు. అంతలోనే నవ్వు పోయి మొహం మెత్తబడింది. "మీకొకటి చెప్పనా. ఆపరేషనప్పుడు ఇద్దరినీ పక్కపక్కన తీసుకెళ్తున్నారు. నేను పడుకుని పక్కకి చూస్తే, తను నావైపు తిరిగి 'చలేస్తోందా?' అనడిగింది. తన సంగతి కాదు, నా సంగతి. అప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఈ మనిషికి అసలు వద్దనడం వచ్చా అని. రాకపోతే, ఇది ఇచ్చినట్టెలా అవుతుంది? నేను లాక్కున్నట్టే గదా. అడుగుదామంటే నోరు రాలేదు. అడిగినా 'నేనే ఇచ్చాన్రా' అంటుంది. అది కూడా కాదనలేకే అంటుందేమోనని... మాత్రలు మింగినప్పుడల్లా అదే. అద్దంలో కుట్టు చూసుకున్నప్పుడల్లా అదే."

నడవాలోంచి ఎవరో చక్రాల బల్ల తోసుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అతను ఆగాడు.

"ఇప్పుడు తేలిపోయిందండి. వద్దనడం తెలిసిన మనిషే నాకిచ్చింది."

పొదుగుడత్త అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. తను పాడైపోయిందనుకున్న పని ఇక్కడెక్కడో, తనకు తెలియకుండా, మరో దారిన ఇంత దూరం వచ్చి కూర్చుని ఉంది. పెట్టె ముందు ఎంతసేపు నిలబడినా ఇది ఆమెకు కనబడేది కాదు.

"మరి మీ అన్నగారు?" అంది కాసేపటికి.

"మొదట గయ్యిమన్నాడండి. పరువు పోయిందన్నాడు. వదినేమో మాట్లాడకుండా కాజాలు కుట్టుకుంది. ఇవాళ పొద్దున చూస్తే వంటింటి గుమ్మంలో నిలబడి, కొత్తకోడలి ముందు నిలబడ్డట్టు తల గోక్కుంటూ, 'బజారుకెళ్తున్నా, నీకేమైనా కావాలా' అంటున్నాడు."

"ఆవిడేమంది?"

"ఆలోచించుకుని చెప్తానంది."

*

పూసలతో పెరిగినా కణాలు ఆమె భయపడినంత మొరాయించలేదు. గుత్తులు చిన్నవే, కానీ గట్టిగా కట్టాయి. రంగు రోజూ నిదానంగా తిరిగింది. పరీక్షలు చేసేవాళ్ళు చూసి బాగున్నాయన్నారు. బ్రహ్మాండంగా ఉన్నాయనలేదు. ఆమె పూసలన్నిటినీ అయస్కాంతంతో లాగేసి, కణాలను కడిగి, చిన్న సంచీలోకి ఎత్తింది. దీపానికి ఎదురుగా పెడితే లోపల పలచటి మబ్బు సుడి తిరిగింది.

మామూలుగా అయితే సంచీని గుమ్మం దగ్గర నర్సు చేతికిచ్చి ఆమె వెనక్కి వచ్చేస్తుంది. ఆరోజు తనే వార్డు దాకా పట్టుకెళ్ళింది.

డ్రైవరు మంచం మీద వెనక్కి వాలి ఉన్నాడు. పక్కన కుర్చీలో వదిన. ఒళ్ళో తెల్లటి చొక్కా, చేతిలో సూది.

"మీరొస్తారని ఎవరూ చెప్పలేదే!" అంది పొదుగుడత్త.

"ఎవరూ పిలవలేదండి. నాకే రావాలనిపించింది."

నర్సు సంచీ తగిలించి గొట్టం తెరిచింది. మబ్బులాంటి ద్రవం చుక్క చుక్కగా దిగడం మొదలైంది. ముగ్గురూ ఆ చుక్కల్ని చూస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నపు ఎండ తెరలోంచి వడకట్టుకుని వచ్చి నేలమీద నీళ్ళలా కదులుతోంది. పక్క మంచం మీద ఎవరో సన్నగా గురకపెడుతున్నారు. వదిన సూది ఆగిపోయింది. చొక్కా మీద సగం కుట్టిన కాజా అలాగే ఉంది.

"ఎలా ఉందిరా?" అంది.

"ఏమీ తెలీడం లేదు వదినా. కాస్త చల్లగా ఉంది చేతి దగ్గర."

"దుప్పటి కప్పనా?"

"వద్దు" అన్నాడు డ్రైవరు. అని వదిన వైపు చూసి, "నేనూ నేర్చుకుంటున్నా" అన్నాడు.

వదిన నోరు కొంగుతో కప్పుకుని నవ్వింది. తర్వాత చొక్కా మడిచి సంచీలో పెట్టి, కుర్చీని మంచం దగ్గరికి జరుపుకుంది.

"నేనొకటి అడుగుతా. ఇస్తావా?"

డ్రైవరు దిండు మీంచి తలెత్తాడు. పొదుగుడత్త వెళ్ళిపోవాలనుకుంటూ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"అడుగు వదినా."

"నువ్వు మళ్ళీ డ్యూటీలో చేరాక, నన్నోరోజు నీ బస్సులో తిప్పాలి. ముందు సీట్లో కూర్చుంటా. మధ్యలో ఎక్కడా దిగను. చివరి స్టాపు దాకా."

"చివర ఏముంటుంది వదినా! ఒక షెడ్డు, ఓ పెట్రోలు బంకు. అవతలంతా గడ్డి."

"పనేమైనా ఉంటుందా అక్కడ నాకు?"

"నీకేం పనుంటుంది, ఎవరికీ ఉండదు. బస్సు తిప్పుకోడానికే అంతదూరం పోతాం."

"అయితే అక్కడికే తీసుకుపో" అంది వదిన. "గడ్డిలో కాసేపు కూర్చుని వద్దాం."

"ఎండగా ఉంటుంది."

"ఉండనీ."

సంచీలో ఇంకా సగం ఉంది. చుక్క ఆగి, నిండి, జారింది. డ్రైవరు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"టికెట్టు కొనాలి మరి" అన్నాడు నిద్రమత్తులో.

"కొనకుండా ఎక్కుతానా?" అంది వదిన.